నడిమి అర్రలో పిల్లికూతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దుగూకే వేళకు పిల్లి ఏడుపు వినిపించేది. అప్పటికి మా ఇంట్లో పిల్లి లేదు.

మాది చిట్యాల దాటి మొగుళ్లపల్లి తొవ్వలో పోతుంటే వచ్చే చిన్న ఊరు. గూన పెంకుల ఇల్లు, ముందు అరుగు, వెనక పెరట్లో బావి, బొప్పాయి చెట్లు. ఇంటి నట్టనడుమ ఒక గది ఉండేది. దాన్ని నడిమి అర్ర అనేవాళ్ళం. మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, అందులోనే ఉండేది. ఆమెకు దమ్ము, అంటే ఉబ్బసం. పెరటి దాకా పోయొస్తే చాలు, గుంజను పట్టుకొని నిలబడి ఊపిరి కోసం పెనుగులాడేది. ఆమె కాళ్ళ దగ్గర, బొంత మీద, బూడిదరంగు పిల్లి ఒకటి ఎప్పుడూ ముడుచుకొని పడుకునేది. చివరి దినాల్లో ఆ అర్రలోంచి సన్నగా, సాగదీసినట్టు ఒక కూత వచ్చేది. నేను అది పిల్లి కూతే అనుకునేదాన్ని. కాదని నాకు ఎవరూ చెప్పలేదు.

వానకాలంలో ముసురు పట్టిన ఒక పొద్దున బాపమ్మ పోయింది. ఇంట్లో ఏడుపులు మొదలవగానే ఆ పిల్లి గోడ దుంకి పోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మా బాపు మాటలు తక్కువ మనిషి. తల్లి పోయినప్పుడు నలుగురి ముందు ఏడవలేదు. ఆమె అర్రను మాత్రం ఎట్లున్నదో అట్లే ఉంచాడు. చలిగాలి తగలకుండా ఆమె ఉన్నప్పుడు మేకులు కొట్టి మూసిన కిటికీ మూసే ఉండిపోయింది. దండెం మీద ఆమె చీరలు, గోడ వారకు ఆమె సందుగ పెట్టె, మంచం మీద ఆమె పాత చీరలు కలిపి కుట్టుకున్న బొంత. ఒకసారి మా అమ్మ ఆ బొంతను ఉతకడానికి బావి దగ్గరకు తీసుకుపోతుంటే బాపు ఎదురొచ్చి, ఆమె చేతుల్లోంచి తీసుకొని, మళ్ళీ మంచం మీద పరిచి, ముడతలు సరిచేసి వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ దాని జోలికి పోలేదు.

నేను బాపమ్మ పక్కలో పడుకొని పెరిగినదాన్ని. ఆమె పోయిన తర్వాత కూడా ఆ మంచం మీదే పడుకుంటానని మొండికేశాను. బొంతలో ముఖం దాచుకుంటే ఆమె ఉన్నట్టే ఉండేది. కొబ్బరినూనె వాసన, పొగాకు వాసన, వాటి అడుగున పాతబడిన తేమ వాసన. ఆ వాసన పీల్చుకుంటూనే నిద్రపోయేదాన్ని.

దసరా పోయాక పత్తి ఇంటికొచ్చింది. ఆ రోజుల్లో ఏరిన పత్తిని అమ్మే దాకా ఇంట్లోనే పోసుకునేవాళ్ళం. నడిమి అర్రలో ఒక పక్కంతా పోశారు. చీకటి గదిలో ఆ తెల్లటి గుట్ట పడుకున్న పెద్ద జంతువులా కనబడేది. అదే పనిగా చూస్తూ కూర్చుంటే దాని డొక్క పైకి లేచి దిగుతున్నట్టు ఉండేది.

ఆ ఏడుపు అప్పుడే మొదలైంది. ఒక సాయంత్రం అమ్మ దీపం పెట్టడానికి పోయింది, నేను మంచం మీద పడుకొని ఉన్నాను. సన్నగా, ఎక్కడో బట్టల కింద చిక్కుకున్నట్టు పిల్లి కూసింది. లేచి కూర్చున్నాను. ఆగింది. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ కూసింది. బాపమ్మ పిల్లి తిరిగొచ్చి పత్తిలో దాక్కున్నదనుకొని ఎంత సంబరపడ్డానో. గుట్టలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. పత్తి లోపల గోరువెచ్చగా ఉంది. నూగు లేచి కళ్ళలో, ముక్కులో పడుతున్నది. నేను లోపలికి వెతికిన కొద్దీ కూత దగ్గరైంది. వెనక నుంచి, పక్క నుంచి, నా చెవి కిందనుంచి వస్తున్నట్టు ఉంది. నోరు తెరిచి దాన్ని పిలవబోతే నా నోట్లోంచి పిలుపు రాలేదు. ఎద మీద బరువు. ఎవరో మోకాలు మోపినట్టు.

ఎట్లనో అరుగు మీదికి వచ్చి పడ్డాను. అక్కడ గాలికి కొంతసేపు కూర్చుంటే బరువు దిగింది. కూత కూడా ఆగింది.

ఆ తర్వాత అది నాకు అలవాటైన భయమైంది. బడిలో నేను మంచిగనే ఉండేదాన్ని. పక్కింటి ఖాలమ్మ వాళ్ళ అరుగు మీద పొద్దంతా ఆడినా ఏమీ అయ్యేది కాదు. ఆ అర్రలోకి పోయి మంచం మీద ఒరిగితే చాలు, కాసేపటికి పిల్లి మొదలుపెట్టేది. దాని వెంటే ఎద మీద బరువు వచ్చేది. నేను బక్కచిక్కిపోయాను. అయినా ఆ మంచం విడవలేదు. బాపమ్మే వచ్చి నా పక్కన పడుకుంటున్నదని, ఇరుకు చాలక నా మీదికి ఒరుగుతున్నదని నాకు నేనే చెప్పుకున్నాను. భయంగానూ ఉండేది, ఆమె వచ్చినందుకు సంతోషంగానూ ఉండేది. ఆ రెండూ కలిసి ఎట్ల ఉంటాయో ఈనాటికీ నాకు సరిగా చెప్పడం రాదు.

ఒక సాయంత్రం అమ్మ దీపం పట్టుకొని అర్రలోకి వచ్చి గడప మీదే ఆగిపోయింది. ఆ కూత ఆమె కూడా విన్నది. మా బాపమ్మ చనిపోయే ముందు ఆ గదిలోంచి విన్న కూతే అది. ఆమె దీపాన్ని మూలమూలకూ తిప్పి చూడడం, గోడ మీద దండెం మీది చీరల నీడలు ఊగడం నాకింకా కండ్లకు కట్టినట్టే ఉంది.

తెల్లారి మంత్రం వేసే ఆయన్ను పిలిపించారు. ఆయన నన్ను చూసి, అర్రను చూసి, "ముసలమ్మ పోలేదు, గీ పిల్లను ఇడుస్తలేదు" అన్నాడు. అది విని బాపు ముఖం ఎట్లనో అయింది. ఆయన్ను పొమ్మనలేదు. నన్ను ఆ బొంత మీదే కూర్చోబెట్టారు. తలుపు మూశారు. నిప్పుల మీద వేపాకు, సాంబ్రాణి, ఎండు మిరపకాయలు వేశారు. పొగ చూరుకు తగిలి మళ్ళీ కిందికి దిగింది. దండెం మీది చీరలు కనబడకుండా పోయాయి. పిల్లి ఒకటి కాదు, గదినిండా పిల్లులు కూస్తున్నట్టయింది. తర్వాత ఒక్కటి కూడా కూయలేదు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా ఊపిరి లోపలికీ పోక, బయటికీ రాక నిలిచిపోయింది.

తలుపు తోసి నన్ను ఎత్తుకొని పరుగెత్తింది మా బాపు. నా పెదవులు నల్లబడ్డాయని అమ్మ తర్వాత చెప్పింది. ఎడ్లబండి మీద చిట్యాల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు సూదిమందు ఇచ్చి, బాపును పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. బాపు తల వంచుకొని విన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఏం చెప్పాడో నోరు విప్పలేదు. నన్ను మాత్రం తనతో పాటు అరుగు మీద పడుకోబెట్టుకున్నాడు.

కబురు మరిపెడలో ఉన్న మా మేనత్తకు అందింది. ఆమె బాపుకు అక్క, బాపమ్మకు పెద్దబిడ్డ. తల్లికి జబ్బు ముదిరినప్పుడు వరంగల్ పెద్ద దవాఖానలో వెంట ఉండి చేసింది ఆమెనే. బస్సులు మారి, సంచి చంకన పెట్టుకొని, మిట్టమధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. నన్ను దగ్గరకు తీసుకొని, నా వీపు మీద చెంప ఆనించి కాసేపు అట్లే ఉంది. లేచి నడిమి అర్ర గడప దగ్గరికి పోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. గాలిని వాసన చూసి వెనక్కి వచ్చింది.

"ఆ అర్రల ఏదో ఉన్నదత్తా" అన్నాను.

అట్లాంటిదేం లేదంటుందనుకున్నాను. "ఉన్నది బిడ్డా. నిజమే" అన్నది మా అత్త.

పెరట్లోకి పోయి బొప్పాయి కాడ ఒకటి విరిచింది. మేము పిల్లలం దాంతో బూర చేసుకొని ఊదుకునేవాళ్ళం. లోపల బోలుగా, మూరెడు పొడవుంటుంది. ఆకు తీసేసి, రెండు కొనలు కోసి, పాలు తుడిచి తెచ్చింది. నన్ను అర్రలో మంచం మీద కొద్దిసేపు కూర్చోబెట్టి, తాను గడపలోనే నిలబడింది. పిల్లి మొదలైంది. వెంటనే వచ్చి కాడ ఒక కొన నా ఎదకు ఆనించి, రెండో కొన నా చెవికి అందేటట్టు వంచి పట్టింది.

"ఎక్కడున్నదో ఇను" అన్నది.

పిల్లి నా లోపల ఉన్నది.

పత్తిలోనూ లేదు, మంచం కిందా లేదు. నా ఎముకల వెనక, ఇరుకు సందులో కూర్చొని, నేను ఊపిరి వదిలినప్పుడల్లా కూస్తున్నది. నేను చేసిన అరుపుకు మా అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. అత్త నన్ను వదలలేదు. చంకనెత్తుకొని ఎండలోకి, బావి గట్టు మీదికి తీసుకుపోయింది. వీపు నిమురుతూ చాలాసేపు కూర్చొని, మళ్ళీ కాడ పెట్టి వినమన్నది. కూత సన్నబడింది. కాడను తన ఎదకు ఆనించి నా చెవికి పెట్టింది. దడ్ దడ్ మని గుండె, కూత లేని ఊపిరి. అంతే.

"దవాఖాన్ల డాక్టరమ్మ తన గొట్టం నా చెవులల్ల పెట్టి అవ్వ ఎద గిట్లనే ఇనిపిచ్చింది" అన్నది అత్త. వాళ్ళు తల్లిని అవ్వ అనేవాళ్ళు. "ఊపిరి పోయే తొవ్వలు వాచి ఇరుకైతే కూత వస్తదట. కొందరికి దుమ్ము పడది, పిల్లి బొచ్చు పడది, పొగ పడది, బూజు పడది. పడనిది ముక్కుల పోతే ఆ తొవ్వలు మూసుకుంటయట. నేనొచ్చి ఇంట్ల చెప్పిన. పిల్లిని బయటకి పంపుమన్న, బొంత ఉడకబెట్టి ఆరేయుమన్న. అవ్వనే ఇనలే. గా పిల్లి లేకుంటే నిద్రపట్టదన్నది."

బాపు పొలం నుంచి వచ్చేసరికి అత్త నన్ను ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చొని ఉంది. కాడ ఆయన చేతికిచ్చింది. బాపు తమాషా అనుకున్నట్టు చూశాడు. తర్వాత వంగి, నా ఎదకు ఆనించి విన్నాడు. ఎంతసేపు విన్నాడో తెలియదు. తల ఎత్తలేదు. నా అంగీ తడిగా తగిలింది.

"అవ్వ లెక్కనే ఉన్నదక్కా" అన్నాడు.

తల్లి కోసం ఆయన ఏడవడం మేము చూసింది అదే మొదటిసారి. దవాఖానలో డాక్టరు చెప్పింది కూడా ఆ మాటే. పిల్లకు దమ్ము, ఇంట్లో ఇంకెవరికన్నా ఉన్నదా అని అడిగాడట. ఆ మాట ఇంట్లో అంటే అది నిజమైపోతుందని ఆయన నోరు మూసుకున్నాడు. దయ్యమైతే వదిలిపోతుంది. తల్లిని తీసుకుపోయిన జబ్బైతే వదలదని ఆయన భయం.

తెల్లారి అత్త కొంగు నడుముకు చెక్కింది. నన్ను ఖాలమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, దుమ్మంతా దిగే దాకా ఇంటి గడప తొక్కద్దని చెప్పింది. అక్కడి నుంచి కనబడినంత నేను చూశాను, మిగిలింది అమ్మ తర్వాత చెప్పింది. పత్తిని గంపలతో ఎత్తి వెనక కొట్టంలో పోశారు. దండెం మీది చీరలు తీసి, సందుగను ముందుకు లాగితే, వాటి వెనక గోడ నిలువునా నల్లగా ఉంది. మనిషంత ఎత్తున, భుజాలు వంచుకొని నిలబడ్డ ఆకారంలా బూజు పట్టి ఉన్నది. ఇన్నాళ్ళు నేను దాని పక్కనే పడుకున్నానని అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

ఖాలమ్మ వాళ్ళ వైపున్న ఆ కిటికీ మేకులు బాపే పీకాడు. రెక్కలు చప్పుడు చేస్తూ తెరుచుకున్నాయి. లోపల ఇన్నాళ్ళు నిలిచిన గాలి ఒక్కసారిగా బయటికొచ్చింది. అరుగు మీద ఉన్న నా ముఖానికి కూడా తగిలింది. కొబ్బరినూనె, పొగాకు, తేమ. ఎవరో మా మధ్యలోంచి నడిచి వీధిలోకి పోయినట్టే ఉంది. మా అమ్మ చప్పున పక్కకు జరిగి తల మీద కొంగు కప్పుకున్నది, బతికున్నప్పుడు బాపమ్మ ఎదురైతే కప్పుకున్నట్టు. మా మేనత్త అది చూసింది. నవ్వలేదు. తానూ పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.

బొంత దగ్గర మాత్రం బాపు అడ్డం నిలబడ్డాడు.

"అది వద్దక్కా. ఉడకబెడితే అవ్వ వాసన పోతది."

"అవ్వ నాకు గూడ అవ్వనే కద తమ్మీ" అన్నది అత్త. ఆమె గొంతు పెరగలేదు. బొంతను బావి దగ్గర బండ మీద పరిచి, ఒక వైపు కుట్లు కత్తితో విప్పింది. లోపల మెత్తటి పొడి. పొడిలో కలిసిపోయి, ఉండలు ఉండలుగా బూడిదరంగు బొచ్చు. పిల్లి పోయి పత్తి కాలం వచ్చింది, అయినా దాని ఒంటి బొచ్చు ఆ చీరల మధ్య పడుకొని ఉన్నది. నేను రోజూ ముఖం దాచుకున్నది అందులోనే.

బాపు ఆ బొచ్చును చూస్తూ నిలబడ్డాడు. పొయ్యి మీద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ ఆయన్ను తొందరపెట్టలేదు. చివరికి ఆయనే వంగి, ఉడకబెట్టినా ఇక పనికిరావనిపించిన లోపలి పొరలు తీసి పక్కన పెట్టి, బాపమ్మ చీరలను ఒక్కొక్కటే మరిగే నీళ్ళలో వేశాడు. ఆవిరి ఆయన ముఖం నిండా కమ్ముకుంది. కళ్ళు మూసుకొని, ఆ ఆవిరిని గుండెల నిండా పీల్చుకున్నాడు. తర్వాత కట్టె తీసుకొని కలిపాడు.

ఆ చీరలు ఎండలో ఆరిన తర్వాత తెల్లబడి, వెలిసి, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. అత్త వాటిని కలిపి పలుచటి దుప్పటి కుట్టింది. వారం వారం వేడినీళ్ళలో వేసి ఆరేయాలని అమ్మకు చెప్పింది. గోడకు సున్నం వేశారు. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం మొదలైంది. పొయ్యి పొగ లోపలికి రాకుండా వంట బయటి చూరు కిందికి మారింది. సాంబ్రాణి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దవాఖాన మందు కూడా ఆపవద్దని అత్త బాపుతో ఒట్టు వేయించుకుంది. ఇల్లు శుభ్రం చేస్తే పడని వస్తువు దూరమవుతుంది, జబ్బుకు మందు మందే అని ఆమె గట్టిగా నమ్మేది.

కూత ఒక్కసారిగా పోలేదు. తగ్గుతూ, మళ్ళీ వస్తూ, మళ్ళీ తగ్గుతూ పోయింది. మంచు పడే పొద్దుల్లో వచ్చేది. నేను సున్నం వాసన వేస్తున్న ఆ తెల్లటి అర్రలో పడుకొని చెవులు రిక్కించి వినేదాన్ని. వినబడకపోతే ఊపిరి హాయిగా ఆడేది. కానీ గది బోసిగా ఉండేది. ఎద మీద బరువు లేని రోజుల్లో నేను పక్కకు చెయ్యి చాపి చూసుకునేదాన్ని. ఆమె రావడం మానేసిందని నాకు బెంగ. ఆ మాట ఎవరికి చెప్పినా తిడతారని లోపలే పెట్టుకున్నాను.

అత్త తిరిగి మరిపెడకు పోయే పొద్దున, బస్సు వచ్చేచోట ఆమె కొంగు పట్టుకొని అడిగాను.

"అర్ర కడిగేసినం కదా అత్తా. మరి బాపమ్మ ఇప్పుడు ఏడ ఉంటది?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. సంచి కింద పెట్టి, నా ముందు గొంతుక్కూర్చొని, నా ముఖం తన రెండు చేతుల్లోకి తీసుకున్నది. ఆ చేతులకు ఇంకా సున్నం పగుళ్ళున్నాయి.

"నీకు ఊపిరి ఆడిన కాడ ఉంటది బిడ్డా" అన్నది. "ఆడని కాడ ఆమె ఎందుకుంటది?"

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. జనగామలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. దమ్ము నాతోనే ఉంది. పీల్చే మందు దిండు పక్కన ఉంటుంది, డాక్టరు చెప్పినట్టు వాడుతాను. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించుకుంటాను, దోమల బిళ్ళ వెలిగించనివ్వను, గోడకు తేమ కనబడితే ఊరుకోను. ఇవన్నీ అలవాట్లు. ఎవరైనా నేర్చుకోవచ్చు.

మొన్న తెలిసినవాళ్ళింట్లో పెద్దమనిషి పోతే పలకరించడానికి పోయాను. ఆయన గది మూసి ఉంచారు. పక్క మీది దుప్పటి కూడా తీయలేదు. పొద్దుగూకుతున్నది. ఆయన మనుమడు గడప దగ్గర నిలబడి చీకట్లోకి చూస్తూ సన్నగా దగ్గుతున్నాడు. లోపల తాత ఉన్నాడా అని నన్ను అడిగాడు. వాని చెయ్యి పట్టుకొని బయటికి, గాలిలోకి తీసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకొని, ఆనాడు బస్సు దగ్గర మా అత్త నాకు చెప్పిన మాటే చెప్పాను.